మణికట్టుకి ఇంజెక్షనా, ఆపరేషనా?

చిరంజీవి పద్మకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీ కుడిచెయ్యి సంగతి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అర్ధరాత్రి వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ రావడం, లేచి చెయ్యి విదిలిస్తే గానీ తగ్గకపోవడం... ఎముకల ఓపీలో నర్సుగా ఉన్నన్నాళ్లూ రోజూ వినేదాన్ని ఈ మాట. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయే ఈ జబ్బుని కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటారు. డాక్టరుగారు ఇంజెక్షన్ గానీ ఆపరేషన్ గానీ ఏదో ఒకటి తేల్చుకుని రమ్మన్నారట. కత్తి అంటే హడలు కాబట్టి నువ్వు ఇంజెక్షన్ అనేశావట. ఆ భయం కాసేపు పక్కనపెట్టి, నరం ఎంత దెబ్బతిందో ముందు చూసుకో.

రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి చూడు. కుడిచేతి బొటనవేలి మొదట్లో కండ పల్చబడి గుంట పడిందా? జాకెట్టుకి హుక్కు కుడుతుంటే సూది వేళ్ల మధ్య ఉందో జారిందో చూస్తే తప్ప తెలియడం లేదా? తిమ్మిరి వచ్చిపోతోందా, పగలంతా అలాగే ఉంటోందా? కండ తరిగినా, మొద్దుబారడం వదలకపోయినా ఇంజెక్షన్లతో కాలం గడపకు. ఆలస్యమయ్యాక ఎంత మంచి ఆపరేషన్ చేసినా పోయిన స్పర్శ మొత్తం తిరిగి రాకపోవచ్చు. చిటికెనవేలు కూడా మొద్దుబారుతుంటే ఆ మాట తప్పకుండా చెప్పు. దానికి వెళ్లే నరం వేరు, మోచెయ్యీ మెడా కూడా చూడాల్సి వస్తుంది.

ఇంజెక్షన్ అంటే స్టెరాయిడ్. మణికట్టులో నరం వెళ్లే ఇరుకుదారిలో వాపు తగ్గిస్తుంది. చాలామందికి కొద్ది రోజుల్లోనే హాయిగా ఉంటుంది, అందులో అనుమానం లేదు. ఆ హాయి ఎన్నాళ్లన్నదే పేచీ. మణికట్టు వంగకుండా కట్టే పట్టీ, అదే స్ప్లింటుతో తగ్గనివాళ్లని తీసుకుని స్వీడన్‌లో చేసిన పరీక్ష 2013లో వచ్చింది. 80 మిల్లీగ్రాముల మందు చేయించుకున్నవాళ్లలోనూ ఏడాది తిరిగేసరికి 73 శాతం మంది ఆపరేషన్ దాకా వెళ్లారు. మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ పడ్డవాళ్లలో అది 92 శాతం. నెదర్లాండ్స్‌లో 934 మందితో చేసిన పరీక్ష 2025లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో పడింది. ఏడాదిన్నర తర్వాత చూస్తే ఆపరేషన్‌తో మొదలుపెట్టినవాళ్లలో 61 శాతం, ఇంజెక్షన్‌తో మొదలుపెట్టినవాళ్లలో 45 శాతం కోలుకున్నారు. ఆపరేషన్‌దే పైచెయ్యి, కానీ అదీ అందరికీ పనిచేసే మంత్రమేం కాదు.

అలాగని ఇంజెక్షన్ని తీసిపారెయ్యను. కడుపుతో ఉన్నవాళ్లకి కాన్పయ్యాక చాలావరకు తనంతట తగ్గేదే కాబట్టి అప్పటిదాకా నెట్టుకురావడానికి ఆపరేషన్ కన్నా అదే మేలు. నీకు షుగర్ ఉందని మరిచిపోకు, ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు పెరుగుతుంది. ఈ తిమ్మిరికి థైరాయిడ్ కూడా కారణం కావచ్చు, ఆ పరీక్ష కూడా చేయించు.

ఆపరేషన్ నువ్వు ఊహించుకున్నంత పెద్దదేం కాదు. చెయ్యి వరకే మత్తిచ్చి, నరాన్ని నొక్కుతున్న పట్టీని కోసి వదులు చేస్తారు. పావుగంట, ఇరవై నిమిషాల పని, అదేరోజు ఇంటికి పంపిస్తారు. కుట్లు రెండు వారాల్లోపు తీసేస్తారు. అసలు ఇబ్బంది ఆ తర్వాతే. అరచెయ్యి అడుగున నొప్పి వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటుంది. చపాతీ పిండి ఒత్తినా, చెయ్యి ఆనించి లేచినా తెలుస్తుంది. పెద్ద కత్తెర పట్టుకునే బలం రావడానికి రెండు మూడు నెలలు అనుకో. ఎడమచేతికీ ఉంది కదా అని రెండూ ఒకేసారి చేయించుకోకు, నీకు జడ ఎవరేస్తారు!

నీ కండ బాగుండి, తిమ్మిరి వచ్చిపోతూ ఉంటే ఒక్క ఇంజెక్షన్ చేయించుకో. రాత్రిళ్లు మణికట్టు వంగకుండా స్ప్లింట్ కట్టుకుని పడుకో. నీ దగ్గరున్న పెళ్లిళ్ల జాకెట్లు, సంక్రాంతి బట్టలు కుట్టి ఇచ్చెయ్యి. తిమ్మిరి మళ్లీ మొదలైతే రెండోది, మూడోది అంటూ పోకుండా పండగ వెళ్లాక ఆపరేషన్‌కి రోజు తీసుకో. పుష్యమాసంలో ఎలాగూ పెళ్లిళ్లుండవు.

ఒకవేళ కండ తరిగి ఉంటే మాత్రం పండగ దాకా ఆగకు, ఆర్డర్లు పక్కింటి సుజాతకి ఇచ్చెయ్యి. నరాల పరీక్ష రిపోర్టూ, రక్తం పల్చబడే మాత్రలేవైనా వాడుతుంటే ఆ చీటీ పట్టుకెళ్లు. గాజులూ ఉంగరాలూ ఇంట్లోనే తీసిపెట్టి వెళ్లు. ఏ సంగతో నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ