ట్రామా థెరపిస్ట్ కావడానికి సర్టిఫికెట్ కోర్సు సరిపోతుందా?

ప్రశ్న: సైకాలజీలో పీజీ చివరి సంవత్సరంలో ఉన్నాను. చిన్నప్పుడు ఏళ్ల తరబడి హింస అనుభవించినవాళ్లకు, ముఖ్యంగా డిసోసియేషన్‌తో, అంటే తమ నుంచి, చుట్టూ ఉన్నదాని నుంచి మనసు తెగిపోయినట్టయ్యే స్థితితో బాధపడేవాళ్లకు థెరపీ చేయాలని ఉంది. చదువు కాగానే ఆన్‌లైన్‌లో ఒక ట్రామా సర్టిఫికెట్ కోర్సు చేసి ప్రాక్టీసు పెట్టవచ్చా?

జవాబు: తొందరపడకండి. ముందు క్లినికల్ సైకాలజీలో పూర్తిస్థాయి శిక్షణ తీసుకోండి, మీరు పనిచేయబోయే చోట చెల్లే లైసెన్స్ సంపాదించండి. స్పెషలైజేషన్ ఆ తర్వాతి మాట. ఈ క్లయింట్లలో చాలామందికి డిప్రెషన్, నిద్రలేమి, మత్తు అలవాట్లు, తమను తాము గాయపరచుకోవడం కూడా ఉంటాయి. ట్రామా టెక్నిక్ ఒక్కటే తెలిసినవాళ్లు ఇక్కడ త్వరగానే చేతులెత్తేస్తారు.

చికిత్సను దశలవారీగా చేయాలన్న ఆలోచన పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఫ్రాన్స్‌లో సైకాలజిస్ట్ పియర్ జానే దగ్గర కనిపిస్తుంది. అమెరికన్ సైకియాట్రిస్ట్ జుడిత్ హెర్మన్ 1992లో మూడు దశలను వివరంగా రాశారు: భద్రత, జరిగినదాన్ని గుర్తుచేసుకుని దుఃఖించడం, మళ్లీ మనుషుల్లో కలవడం. విద్యార్థుల కళ్లన్నీ రెండో దశ మీదే ఉంటాయి, సినిమాలు చూపించేది అదే కదా. డిసోసియేషన్ తీవ్రంగా ఉన్నవాళ్లతో మాత్రం మొదటి దశకే ఏళ్లు పట్టవచ్చు.

ఆ దశలో ఒక సెషన్ ఎలా ఉంటుందో చెబుతాను. క్లయింట్ మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోతుంది. చూపు గోడ మీద ఒకచోట నిలిచిపోతుంది. మీరు పిలిస్తే, కాసేపటికి "ఏమన్నారు?" అంటుంది. అప్పుడు జ్ఞాపకం వెంట పడకూడదు. గొంతు పెంచకుండా, ఇవాళ ఏ వారమో చెప్పి, పాదాలు నేలకు గట్టిగా ఆనించమంటారు, గదిలో కనిపించే వస్తువుల పేర్లు చెప్పమంటారు. తేరుకున్నాక, ఏ మాట దగ్గర అలా అయిందో ఇద్దరూ కలిసి నెమ్మదిగా వెతుకుతారు. పై వారం మళ్లీ ఇదే. మొహమాటం లేకుండా చెప్పాలంటే, ఇది బోర్ కొట్టేవాళ్లు ఈ రంగానికి రాకపోవడమే మంచిది.

రెండో దశలో జ్ఞాపకాలను తట్టుకోగలిగినంత మేరకే ముట్టుకుంటారు. పరిస్థితి చేయి దాటితే మళ్లీ మొదటి దశకు రావాల్సిందే. అసలు రెండో దశే వద్దనే క్లయింట్లు ఉంటారు, అది వాళ్ల హక్కు. మూడో దశలో ఉద్యోగం, స్నేహాలు, ఎవరిని ఎంత నమ్మాలి వంటి మామూలు బతుకు విషయాలు వస్తాయి.

దీనిమీద అందరిదీ ఒకే మాట అనుకోకండి. కాంప్లెక్స్ పీటీఎస్‌డీ (ఏళ్ల తరబడి హింస వంటివాటి తర్వాత వచ్చే మానసిక రుగ్మత) ఉన్న ప్రతి ఒక్కరికీ ఇంత సన్నాహం అవసరమా, అసలు చికిత్స ఆలస్యం కావడం లేదా అని కొందరు పరిశోధకులు గట్టిగానే అడుగుతున్నారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. అయితే ఒకే మనిషిలో వేర్వేరు వ్యక్తిత్వాలు కనిపించే డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్‌కు 2011 నాటి అంతర్జాతీయ నిపుణుల మార్గదర్శకాలు దశలవారీ పద్ధతినే సూచించాయి. అంత తీవ్రమైన కేసుల్లో కొత్త థెరపిస్టు దాన్ని పాటించడమే క్షేమమని నా అభిప్రాయం.

ఇక కోర్సు సంగతి. నిజమైన కేసుల మీద సూపర్‌విజన్ (అనుభవమున్న థెరపిస్టు పర్యవేక్షణ) ఇస్తారా, డిసోసియేషన్‌ను ఎలా అంచనా వేయాలో నేర్పుతారా అని అడగండి. డిసోసియేషన్‌ను కొలిచే డీఈఎస్ అనే 28 ప్రశ్నల పత్రం స్క్రీనింగ్‌కే పనికొస్తుంది, నిర్ధారణకు విడిగా క్లినికల్ ఇంటర్వ్యూ కావాలి. ఈ తేడా చెప్పని కోర్సును, మరిచిపోయిన జ్ఞాపకాలను హిప్నాసిస్‌తో బయటికి తీస్తామనే కోర్సును పక్కన పెట్టేయండి. అలా తవ్వితే జరగనివి కూడా జరిగినట్టు అనిపించే ప్రమాదం ఉంది.

లైసెన్స్ వచ్చాక తొలి ఉద్యోగానికి సైకియాట్రీ వార్డు గానీ, హింస నుంచి బయటపడ్డవాళ్లకు ఆశ్రయమిచ్చే కేంద్రం గానీ చూసుకోండి. అక్కడ సంక్షోభాలను సంభాళించడం చేతికొస్తుంది. ఉద్వేగాలను అదుపు చేసుకోవడం నేర్పే డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) నైపుణ్యాలు కూడా నేర్చుకోండి, మొదటి దశలో రోజూ అక్కరకొస్తాయి.

ఈ పనే ఎందుకు చేయాలనుకుంటున్నారో మీరు రాయలేదు. సొంత అనుభవమే కారణమైతే అది అనర్హత కాదు. కాకపోతే తొలి క్లయింట్‌ను చూడకముందే మీరు కూడా ఒక థెరపిస్టు దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టండి, మీ సూపర్‌వైజర్‌కు కూడా అవసరమైనంత మేరకు చెప్పి ఉంచండి.