రాగి తీగ తీసేస్తే, కరెంటు పోయినప్పుడు ఫోన్ మోగుతుందా?

ప్రశ్న: అమ్మానాన్నల కోసం పాత ల్యాండ్‌లైన్ ఉంచాం. వానాకాలం వస్తే ఒకటే గరగర. ఫైబర్‌కు మారమంటున్నారు. కరెంటు పోయినా ఫోన్ పనిచేస్తుందా? పాత సెట్టు పనికొస్తుందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మారండి. కానీ బ్యాటరీ లేకుండా మాత్రం వద్దు. రాగి లైన్‌కు కావలసిన 48 వోల్టుల డీసీ ఎక్స్ఛేంజీ బ్యాటరీల నుంచే వస్తుంది. అందుకే వీధంతా చీకటైనా డయల్ టోన్ ఉంటుంది. ఫైబర్ గాజు పోగు కదా, దాని గుండా వెలుతురే తప్ప కరెంటు రాదు. గోడకు బిగించే మోడెం మీ ఇంటి కరెంటుతోనే నడవాలి.

మోడెం అడాప్టర్ మీద చూడండి: సాధారణంగా 12 వోల్టులు, 1 నుంచి 2 ఆంపియర్లు ఉంటుంది. అదే వోల్టేజి, అంతకు తగ్గని ఆంపియర్లు ఇచ్చే మినీ యూపీఎస్ (కరెంటు పోతే మోడెంను నడిపే చిన్న బ్యాటరీ పెట్టె) తీసుకోండి. దాని మీద బ్యాటరీ సామర్థ్యం 8,000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్-అవర్లు) అని ఉంటే 12తో గుణించి మురిసిపోవద్దు. ఆ లెక్క సాధారణంగా 3.7 వోల్టుల సెల్‌ది కాబట్టి సుమారు 30 వాట్-అవర్లే. 10 వాట్లు లాగే మోడెం దానితో, మధ్యలో పోయే నష్టం తీసేస్తే, సుమారు రెండున్నర గంటలు నడుస్తుంది. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే మోడెం సాకెట్టును ఆ లైన్‌కు కలిపిస్తే సరిపోతుంది.

బటన్ల సెట్టు మోడెంకు ఉండే ఫోన్ పోర్టులో పెట్టుకోవచ్చు. పల్స్/టోన్ స్విచ్చి ఉంటే టోన్‌లో ఉంచండి. వేలితో తిప్పే పాత సెట్టుకు రింగు వచ్చినా, డయలింగును చాలా మోడెంలు గుర్తించవు. పెద్దవాళ్ల దగ్గర తీగ ఉన్న సెట్టే పెట్టండి. కార్డ్‌లెస్ బేస్‌కు ఎలాగూ కరెంటు కావాలి.

ఇంట్లోని పాత ఫోన్ వైరింగునే వాడుకునేట్టయితే, బయటి నుంచి వచ్చే రాగి తీగల జతను ముందు విడదీయించండి. అది కలిసి ఉండగా మోడెం తగిలిస్తే పోర్టు కాలిపోవచ్చు. నంబరు అదే ఉంచమని దరఖాస్తులోనే రాయించండి. కొత్త లైన్‌లో కాల్ వచ్చీపోయే దాకా పాతది సరెండర్ చేయకండి.

వానకు గరగర రావడానికి కారణం జాయింట్లలో చేరే తేమ. గాజుకు ఆ బాధ లేదు. అయితే తలుపు సందులో నలిగినా, 3 సెంటీమీటర్ల వ్యాసార్థం కన్నా బిగుతుగా వంచినా సిగ్నల్ పడిపోవచ్చు. మోడెం మీద ఎల్‌ఓఎస్ (సిగ్నల్ అందడం లేదని చెప్పే) ఎర్ర లైటు వెలిగితే తప్పు ఫైబర్ దారిలోనే, లైన్‌మన్‌ను పిలవండి. అది వెలగకుండా ఫోన్ లైటు మాత్రమే ఆరితే మోడెం 30 సెకన్లు ఆపి మళ్లీ వేయండి.

ప్రశ్న: యాప్‌తో ఇంటర్నెట్ కాల్స్ చేస్తే నా మాట అవతలికి తెగితెగి వెళ్తోంది.
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: మామూలుగా ఒక కాల్‌కు 100 కేబీపీఎస్ (సెకనుకు లక్ష బిట్ల) వేగం చాలు, స్పీడు తక్కువై కాదు. సీసీ కెమెరా, ఫోటో బ్యాకప్ లాంటివి అప్‌లోడ్ దారిని నింపేస్తాయి. వాటిని ఆపి చూడండి. అప్పటికీ తెగితే వైఫై వదిలి ల్యాన్ తీగతో కలిపి ప్రయత్నించండి.