ఫిజియోథెరపీ గుర్తింపు పొందిన వృత్తిగా ఎలా మారింది?

నేర్పడానికి బడి, పాసవ్వడానికి పరీక్ష, పేర్లకు రిజిస్టర్ ఏర్పడ్డాకే ఫిజియోథెరపీ గుర్తింపు ఉన్న వృత్తి అయింది. యుద్ధాలు, పోలియో దాని అవసరాన్ని అందరికీ తెలిసేలా చేశాయి.

మర్దన, కసరత్తు ఎప్పటినుంచో ఉన్నవే. అయితే చేసేవాళ్లు నేర్చుకుని చేస్తున్నారో లేదో రోగికి తెలిసే దారి లేదు. స్వీడన్‌లో పెర్ హెన్రిక్ లింగ్ 1813లో స్టాక్‌హోంలో వ్యాయామ విద్యాసంస్థ పెట్టాడు. 1887లో అక్కడి ప్రభుత్వం ఫిజియోథెరపీ చేసేవాళ్లను అధికారికంగా నమోదు చేయడం మొదలుపెట్టింది.

బ్రిటన్ సంగతే చూడండి. మసాజ్ పేరుతో లండన్‌లో అక్రమ వ్యాపారాలు నడుస్తున్నాయని దుమారం రేగింది. తమ పనికి చెడ్డపేరు రాకూడదని 1894లో నలుగురు నర్సులు ఒక సంఘం పెట్టుకున్నారు. డాక్టరు చెప్పనిదే మర్దన చేయకూడదు, వైద్య పత్రికల్లో తప్ప ప్రకటనలు ఇవ్వకూడదు అని తమకు తామే గట్టి నియమాలు రాసుకున్నారు. ఆ పట్టుదల నిజంగా మెచ్చుకోదగ్గది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులను మళ్లీ నడిపించడంలో ఈ పని విలువ తేలింది. 1920లో సంఘానికి రాయల్ చార్టర్, అంటే రాజు పేరిట ఇచ్చే అధికారిక గుర్తింపు పత్రం, దక్కింది.

మన దేశంలో 1950ల మొదట్లో పోలియో ప్రబలాక ముంబై కేఈఎం (కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్) ఆసుపత్రిలో ఫిజియోథెరపీ బడి మొదలైంది. జాతీయ స్థాయి చట్టం మాత్రం 2021లోగానీ రాలేదు.

ఫిజియో అంటే మసాజే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. మోకాలి మార్పిడి అయిన మనిషికి కాలు ఎన్ని డిగ్రీలు వంగుతోందో కొలిచి, తొడ కండరంలో బలం ఎంతుందో పరీక్షించి, దాన్నిబట్టి ఏ వ్యాయామం ఎంతసేపు చేయించాలో నిర్ణయించడమే అసలు పని.