ఉన్నమాట అనే స్వేచ్ఛ నాకు లేదా?

ప్రశ్న: నేను దేవుణ్ణి నమ్మను. మా అత్తగారు వారం వారం ఉపవాసం ఉంటారు. మొన్న బంధువులందరి ముందూ "చదువుకున్నవాళ్ళు చేసే పనేనా ఇది? బుర్ర ఉండక్కర్లేదా?" అన్నాను. అప్పట్నుంచి ఆవిడ నాతో మాట్లాడటం లేదు. నా భార్య క్షమాపణ చెప్పమంటోంది. నిజమనుకున్నది చెప్పే స్వేచ్ఛ నాకు లేదా?
- ఒక పాఠకుడు

జవాబు: ఉంది. ఆ విషయంలో నేను పూర్తిగా మీ వైపే. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలో 19వ అధికరణం భావప్రకటన స్వేచ్ఛ గురించే. దానికి ముందున్న 18వది మత, విశ్వాస స్వేచ్ఛ గురించి, అది ఆవిడ ఉపవాసాన్నీ, మీ నాస్తికత్వాన్నీ కూడా కాపాడుతుంది.

ఎవరి మనసో నొచ్చుకుందని మాట్లాడినవాళ్ళని శిక్షిస్తామంటే నేను ఒప్పుకోను. ఏ మతంలోనైనా సంస్కరణ కోరినవాళ్ళ మాటలు మొదట ఎవరో ఒకరిని నొప్పించినవే. మతాన్ని అగౌరవపరిచారన్నంత మాత్రాన నిషేధం విధించడం, దేశాలు సంతకం చేసిన పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికకు విరుద్ధమని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2011లో చెప్పింది. అయితే వివక్షకో హింసకో ఉసిగొల్పే మతద్వేష ప్రచారాన్ని చట్టం ఆపాలని ఆ ఒడంబడికలోని 20వ అధికరణమే అంటుంది. "ఈ ఆచారానికి ఆధారం లేదు" అనొచ్చు. "ఈ ఆచారం పాటించేవాళ్ళకి ఉద్యోగాలివ్వకండి, తరిమేయండి" అని జనాన్ని రెచ్చగొట్టకూడదు. ఈ తేడా తేల్చడానికి ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం పిలిచిన నిపుణులు 2012లో తయారుచేసిన రబాత్ కార్యాచరణ ప్రణాళిక కొన్ని విషయాలు చూడమంది. సందర్భం, మాట్లాడిన మనిషి స్థాయి, ఉద్దేశం, మాట తీరు, అది ఎంతమందికి చేరింది, హాని జరిగే అవకాశం ఎంత అన్నవి.

మీ మాట నేరాల దాకా వెళ్ళేది కాదు. కానీ ఆ జాబితాలోని రెండు విషయాలు మీ ఇంట్లోనూ పనికొస్తాయి: అన్నదెవరు, ఎక్కడ అన్నారు. నలుగురిలో అల్లుడు ఒక మాటంటే అత్తగారు అంతే గట్టిగా తిరిగి అనగలరా? చాలా ఇళ్ళల్లో అనలేరు. పైగా మీరన్న మాటలో ఉపవాసం గురించి ఏమీ లేదు, ఆవిడ బుర్ర గురించే ఉంది. "దీనివల్ల ఏం వస్తుందని నమ్ముతారు?" అని అడిగుంటే ఆవిడ ఏదో ఒక జవాబు చెప్పేవారు.

మీ అభిప్రాయం వెనక్కి తీసుకోనక్కర్లేదు. 'బుర్ర' అన్నందుకు మాత్రం క్షమాపణ చెప్పండి, అదీ ఆ బంధువుల ముందే. తర్వాత ఉపవాసం ఎందుకుంటారో ఆవిడని అడిగి, అడ్డుపడకుండా వినండి. ఆపైన మీరెందుకు నమ్మరో చెప్పండి. ఆవిడ ఒప్పుకోకపోవచ్చు, వినడం ఇష్టం లేదని లేచి వెళ్ళిపోవచ్చు కూడా. అప్పుడు పట్టుబట్టకండి. ఈ మాటల కోసం మీ భార్యని మాత్రం మధ్యవర్తిగా పంపొద్దు.