ఆదికాండము కథల ప్రాచీన నేపథ్యం: ఎక్కడ చదవాలి, ఏం చేయవచ్చు?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. బి.ఎస్‌సి. కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఆదికాండములోని సృష్టి, జలప్రళయం, బాబెలు గోపురం కథలను అవి పుట్టిన కాలం, ప్రాంతం నేపథ్యంలో చదవాలని నాకు గట్టి కోరిక. ఎక్కడ చేరాలి? ఉద్యోగం దొరుకుతుందా? ఈ చదువుతో విశ్వాసం పోతుందని అమ్మానాన్నలు భయపడుతున్నారు. వాళ్లకు ఏం చెప్పాలి? (ఒక విద్యార్థిని)

జవాబు: అమ్మానాన్నల భయం సంగతే ముందు చూద్దాం. వాళ్లు ఒప్పుకోకపోతే మిగతా ఏదీ ముందుకు సాగదు. పైగా ఈ చదువులో నిజంగా ఏం చేస్తారో తెలిస్తే ఆ భయం చాలావరకు తగ్గుతుంది.

1872లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో జార్జ్ స్మిత్ అనే ఉద్యోగి ప్రాచీన అష్షూరు రాజధాని నీనెవె నుంచి వచ్చిన మట్టిపలకలను చదువుతున్నాడు. కొండమీద ఆగిన ఓడ, నేల కోసం వెతకడానికి వదిలిన పావురం ఒక పలకలో కనిపించాయి. అది మెసొపొటేమియా (నేటి ఇరాక్ ప్రాంతం) ప్రాచీన కావ్యమైన గిల్గమెష్‌లోని పదకొండో పలక. నోవహు కథకు ఇంత దగ్గరి కథ బబులోను మట్టిపలకల్లోనూ ఉందని అప్పుడే లోకానికి తెలిసింది. స్మిత్ కళాశాల ముఖం చూసినవాడు కాదు. నోట్ల ముద్రణకు అచ్చులు చెక్కే పని నేర్చుకుని, మట్టిపలకల మీద రాసే క్యూనిఫారం లిపిని సొంతంగా పట్టుదలతో సాధించాడు.

ఆ పలకకంటే పాతది అత్రహాసిస్ అనే మరో మెసొపొటేమియా కావ్యం. దాని ప్రతులు క్రీ.పూ. 17వ శతాబ్దం నాటివి దొరికాయి. అందులో మనుషుల రొదకు నిద్రపట్టక ఎన్లిల్ దేవుడు ప్రళయం తెస్తాడు. ఆదికాండములో కారణం వేరు: భూమి బలాత్కారంతో నిండిపోయింది. ప్రళయం తర్వాత తేడా ఇంకా పదునుగా కనిపిస్తుంది. అత్రహాసిస్‌లో జనం మళ్లీ పెరిగిపోకుండా దేవతలు గొడ్రాళ్లను, శిశుమరణాలను ఏర్పాటు చేస్తారు. నోవహుకు వినిపించింది పిల్లలను కని భూమిని నింపమనే ఆశీర్వాదం. రెండూ పక్కపక్కన పెట్టి చదివితేనే ఆ ఆశీర్వాదం ఎంత బరువైనదో తెలుస్తుంది. ఏది ఎవరి దగ్గర నుంచి వచ్చిందన్న వాదన కంటే, అందరికీ తెలిసిన కథను ఈ రచయిత ఎక్కడ మలుపు తిప్పాడో చూడటమే నాకు విలువైన పనిగా అనిపిస్తుంది. బాబెలు కథలో రాళ్లకు బదులు కాల్చిన ఇటుకలు, అడుసుకు బదులు మట్టికీలు (తారు) వాడారని ఉంటుంది కదా. అది రాయి దొరకని మెసొపొటేమియాలో కట్టడాలు కట్టిన పద్ధతే. ఆ రచయితకు ఆ నేల గురించి తెలుసు.

ఈ రంగంలో భక్తిగల క్రైస్తవులు, యూదులు, ఏ మతాన్నీ నమ్మనివారు ఒకే బల్ల దగ్గర కూర్చుని పనిచేస్తారు. పాఠం మీద నిజాయితీ ఉండాలన్నదే ఉమ్మడి నియమం. మీరు నమ్మినవాటిలో కొన్నింటిని కొత్తగా ఆలోచించవలసి వస్తుందన్నది నిజం. అమ్మానాన్నలకు ఆ మాట దాచకుండా చెప్పండి. వీలైతే క్రైస్తవ వేదాంత కళాశాలలో పాత నిబంధన బోధించే అధ్యాపకుల్లో ఒకరి దగ్గరికి వాళ్లను తీసుకెళ్లండి. నేను రాసే పది పేరాల కంటే ఆ ఒక్క సంభాషణ ఎక్కువ పనిచేస్తుంది.

ఇక చదువు. మన రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో ప్రాచీన పశ్చిమాసియా భాషలు, గ్రంథాలు నేర్పే శాఖ లేదు. దేశంలో ప్రధానంగా ఉన్న దారి వేదాంత కళాశాలలదే. క్రైస్తవ వేదాంత డిగ్రీలు ఇచ్చే సెరాంపూర్ సెనేట్ కింద ఉన్న కళాశాలల్లో డిగ్రీ తర్వాత బి.డి. (వేదాంత డిగ్రీ), ఆపైన పాత నిబంధనలో ఎం.టి.హెచ్. (వేదాంత పీజీ) చేయవచ్చు. హైదరాబాద్‌లోని ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజ్, బెంగళూరులోని యునైటెడ్ థియొలాజికల్ కాలేజ్ అలాంటివే. హీబ్రూ అక్కడ చక్కగా నేర్పుతారు. కానీ బి.డి. ప్రధానంగా సంఘ సేవకు తయారుచేసే కోర్సు. సంఘం సిఫారసు లేఖ అడగడం కూడా మామూలే. సంఘ సేవ మీద మనసు లేకుండా కేవలం హీబ్రూ కోసం అన్నేళ్లు వెచ్చించవద్దు.

రెండో దారి విదేశీ విశ్వవిద్యాలయం. నెదర్లాండ్స్‌లోని లైడెన్, ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్, అమెరికాలోని షికాగో, జర్మనీలోని మ్యూనిక్, హైడెల్‌బర్గ్ ఈ రంగంలో పేరున్నవి. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ట్యూషన్ ఫీజు తీసుకోవు. హైడెల్‌బర్గ్ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మన విద్యార్థులు సెమిస్టర్‌కు 1500 యూరోలు కట్టాలి. అయితే పాఠాలకు జర్మన్ కావాలి, జీవన ఖర్చులకు డబ్బు ముందే చూపాలి. ఆక్స్‌ఫర్డ్‌కైతే భారతీయ విద్యార్థులు ఫెలిక్స్ స్కాలర్‌షిప్ కోసం పోటీపడవచ్చు. స్కాలర్‌షిప్ లేకుండా అప్పుచేసి ఈ చదువుకు వెళ్లవద్దు. ఈ విషయంలో నేను కచ్చితంగా ఉంటాను. ఆ అప్పును త్వరగా తీర్చేంత జీతాలు ఈ రంగంలో లేవు.

ప్రవేశాన్ని నిర్ణయించేది భాషలే. దరఖాస్తు చదివే ఆచార్యులు మీ ఆసక్తి కంటే ముందు మీకు ఏ భాష వచ్చునో చూస్తారు. హీబ్రూతో మొదలుపెట్టండి. రోజూ గంట కూర్చుంటే ఏడాదిలో ఆదికాండము కథలను నిఘంటువు సాయంతో మూలంలో చదవగలుగుతారు. తర్వాత ఆ మట్టిపలకల భాష అక్కాదియన్, దాంతోపాటు చదివి అర్థం చేసుకునేంత జర్మన్ నేర్చుకోండి. షికాగో విశ్వవిద్యాలయం 1921లో మొదలుపెట్టి 2011లో పూర్తిచేసిన 21 సంపుటాల అక్కాదియన్ నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

మీ కంప్యూటర్ డిగ్రీ వృథా అనుకుంటున్నారేమో. నా దృష్టిలో మీకున్న పెద్ద బలం అదే. మట్టిపలకలు చాలావరకు ముక్కలైపోయి ఉన్నాయి. ఏ ముక్క ఏ కావ్యానిదో కనిపెట్టడమే పెద్ద పని. 1873లో స్మిత్ నీనెవెకు వెళ్లి, ప్రళయ కథలో లోపించిన భాగం దొరికిందని సంతోషించాడు. తర్వాత తేలిందేమిటంటే, ఆ ముక్క గిల్గమెష్‌ది కాదు, అత్రహాసిస్‌ది. ఇప్పుడు మ్యూనిక్ విశ్వవిద్యాలయంలోని ఎలక్ట్రానిక్ బాబిలోనియన్ లైబ్రరీ బృందం ఇలాంటి ముక్కలను ప్రోగ్రాముల సాయంతో జతచేస్తోంది. ప్రోగ్రామింగ్, అక్కాదియన్ రెండూ తెలిసినవారు ఎక్కడైనా కొద్దిమందే.

ఉద్యోగాల మాట. ప్రపంచమంతటా ఈ రంగంలో శాశ్వత అధ్యాపక పదవులు చాలా తక్కువ. మన దేశంలో వేదాంత కళాశాలల్లో పాత నిబంధన బోధన, బైబిల్ అనువాద సంస్థలు, క్రైస్తవ ప్రచురణలు ఉన్నాయి. తులనాత్మక మత అధ్యయనం యు.జి.సి. నెట్‌లో ఒక సబ్జెక్టు కాబట్టి, తగిన పీజీ ఉంటే ఆ పరీక్ష కూడా రాయవచ్చు.

అందుకని డిగ్రీ అయ్యాక ఒకటి రెండేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు హీబ్రూకు కేటాయించండి. ఆదికాండము 6 నుంచి 9 అధ్యాయాలను మూలంలో పూర్తిచేశాక, వాటిని అత్రహాసిస్ ఆంగ్లానువాదంతో పోలుస్తూ ఒక వ్యాసం రాయండి. విదేశాలకు దరఖాస్తు చేస్తే రచన నమూనాగా దాన్నే జతచేయవచ్చు. ఆక్స్‌ఫర్డ్ దరఖాస్తు గడువులు సాధారణంగా డిసెంబరు, జనవరి నెలల్లో ముగుస్తాయి. సిఫారసు లేఖలు ఇచ్చేవారిని ఆగస్టులోనే అడగండి.