మార్కు తప్పేది అరుగు మీదనే

బిడ్డా,

మతిమరుపు జబ్బు మీద పరిశోధన చేసే కేంద్రంలో చేరినవని, వచ్చే వారం నుంచి ముసలోళ్ల మతిని పరీక్ష చేసి రక్తం తీసుకునేటందుకు ఊర్లు తిరుగుతవని తెలిసింది. డాక్టర్లు స్కాన్లు చూస్తరు, లెక్కలోళ్లు పట్టికలు తీస్తరు. కానీ వాళ్లకు పోయే అంకె పుట్టేది నర్సంపేట దిక్కు ఏదో ఊర్లె, ఓ అరుగు మీద, నువ్వూ ఓ అవ్వా ఎదురెదురుగ కూసున్నప్పుడు. అక్కడ తప్పితే తర్వాత ఏ మిషినూ సరిచెయ్యలేదు.

ముందుగాల వేలిముద్ర సంగతి. మన ముసలోళ్లకు వేలిముద్ర అంటే పట్టా పాసుబుక్కు, లేకుంటే పెన్షన్. ఈ రెంటికీ నువ్వు తెచ్చిన సమ్మతి కాయితానికీ సంబంధం లేదని మొదటి మాటగనే చెప్పు. సమ్మతి పత్రం మొత్తం చదివి వినిపియ్యాలె. చదువురానోళ్లయితే పక్కన సాక్షి ఉండాలె, ఆ సాక్షి మన టీమ్ మనిషి కావద్దు. చదివినంక "ఏం అర్థమైందో నీ మాటల్ల చెప్పు తాతా" అని అడుగు. చెప్పలేకపోతే చట్టప్రకారం ఆయన తరఫున ఒప్పుకోగల మనిషి సంతకం కావాలె. గప్పుడు గూడ తాత వద్దంటే వద్దే. ఓ కాపీ ఇంట్లనే ఇచ్చి రా.

రక్తం పరగడుపున తియ్యాల్సి ఉంటే ముందు రక్తం, తర్వాత టిఫిన్, ఓ అరగంట ఆగి అప్పుడు పరీక్ష. షుగర్ ఉన్న మనిషిని ఆకలితో కూసోబెట్టి ప్రశ్నలడిగితే నువ్వు కొలిచేది ఆకలిని. పత్తి ఏరే రోజుల్ల పొద్దుగాలనే పో. చేనుకు పోయి అలిసి వచ్చినంక అడిగితే సగం జవాబులు నిద్రవే.

చెవులు, కండ్లు చూడకుండ పరీక్ష మొదలుపెట్టకు. అద్దాలు పెట్టుకోమను, టీవీ బందు చెయ్యమను. వినపడదని గట్టిగ అరవకు: వయసుతో ముందు పోయేది సన్నటి స్వరం వినే శక్తి, అరిస్తే నీ గొంతు ఇంకా సన్నగైతది. గొంతు దించి, వెలుతురు నీ మొహం మీద పడేటట్టు కూసొని, నిదానంగ చెప్పు.

ఎంఎంఎస్‌ఈ అనేది మతిని కొలిచే 30 మార్కుల పరీక్ష. అందుల 100లోంచి 7 తీసుకుంట పొమ్మంటరు, ఓ వాక్యం రాయమంటరు, బొమ్మ చూసి గియ్యమంటరు. పలక పట్టని అవ్వకు గివి మతి పరీక్షలు కావు, బడి పరీక్షలు. అందుకే చదువురానోళ్ల కోసం హర్యానాల బల్లభ్‌గఢ్ పల్లెల్ల హిందీల హెచ్‌ఎంఎస్‌ఈ అనే పరీక్ష తయారుచేసిన్రు. మతిని కొలిచే ఇంకో పరీక్ష ఏసీఈ-3కి, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ల పరీక్షల కట్ట టూల్‌బాక్స్‌కు తెలుగు రూపాలున్నయి. నీకు ఏది ఇస్తే దాని మాటలను ఉన్నదున్నట్టు చదువు, సొంతంగ తేలిక చెయ్యకు. తారీకు అడిగితే అవ్వ "సద్దుల బతుకమ్మ పోయి నాలుగొద్దులు" అన్నదనుకో, ఆ మాటనే పక్కన రాసుకో. మార్కు ఇయ్యాల్నా వద్దా అనేది మాన్యువల్ చెప్తది. నువ్వు రాయకపోతే ఎవలూ చెప్పలేరు.

గుర్తుపెట్టుకొని తిరిగి చెప్పమనే మూడు మాటలు సెకనుకు ఒకటి చొప్పున చెప్పు. మార్కు అవ్వ మొదటిసారి తిరిగి చెప్పిన వాటికే. తర్వాత నేర్చుకునేదాక మళ్లీ చెప్పొచ్చు, కానీ ఆరుసార్లు దాటద్దు. గడపల నిలబడ్డ మనుమడు పెదవులు కదిలిస్తడు, అదే అన్నిటికన్నా పెద్ద దొంగమార్కు. వాడిని పరీక్షకు ముందే దుకాణానికి పంపు. తెలిసిన జంతువుల పేర్లన్నీ చెప్పమనే పరీక్షకు నిమిషం అంటే నిమిషమే. నలభై సెకన్ల కాడ అవ్వ ఆగిపోతే జాలిపడి గడియారం ఆపకు, ఆ మౌనం గూడ లెక్కల్నే. బర్రె అని రెండుసార్లన్నా రెండుసార్లు రాయి.

తండాలకు పోతే లంబాడీ మాట్లాడే టీమ్ మనిషి కావాలె, ఇంటి మనిషి దుబాసీ వద్దు. ఏయే భాషలు వస్తయో అనే గడి ఖాళీగ వదలకు. 2013ల హైదరాబాద్ నిమ్స్ దవాఖానోళ్లు 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగులను చూస్తే, ఒక్క భాషే వచ్చినోళ్లకన్నా రెండు భాషలోళ్లకు జబ్బు సుమారు 4.5 ఏండ్లు ఆలస్యంగ మొదలైంది. చదువురానోళ్లల్ల గూడ తేడా కనబడ్డది.

ఇంటోళ్లను అడిగేటప్పుడు, దుబాయి నుంచి ఫోన్‌ల మాట్లాడే కొడుకుకన్నా పొయ్యి కాడ ఉండే కోడలికి ఎక్కువ తెలుస్తది. "మతిమరుపు ఉన్నదా" అంటే "ముసలితనం గదా" అంటరు. పదేండ్ల కిందటితో పోల్చి అడుగు: పెన్షన్ పైసలు లెక్క పెట్టుకుంటదా, కూరల ఉప్పు రెండుసార్లు పడుతున్నదా, చుట్టాల ఊరికి ఒక్కతే పోయి వస్తదా. మనాది సంగతి విడిగ అడుగు. పెనిమిటి పోయిన ఏడాదిల తగ్గిన మార్కు ఊకె డిమెన్షియా కాదు.

కల్లు సంగతి సిగ్గుపడకుండ అడుగు, తాగుడు తప్పని అడుగుతలేవు నువ్వు. కొన్నిచోట్ల కల్తీ కల్లుల అల్ప్రాజోలం అనే మత్తుమందు కలుపుతరు, అది మతిని మబ్బు చేస్తది. ఒక్కసారిగ మానేసినా చేతులు వణుకుతయి, మాట తప్పుతది. నిద్రగోళీలు, జలుబు గోళీలు గూడ పేరుతో సహా రాసుకో.

రక్తం ఊదా మూత గొట్టంల గీత దాక నింపి, 8 నుంచి 10 సార్లు మెల్లగ తిప్పు. ఊపకు, ఊపితే ఎర్ర కణాలు పగిలి నమూనా పాడైతది. పేరు చీటీ మనిషి ముందటనే అంటియ్యాలె, ముందు రోజు అంటించి పెట్టుకుంటే తారుమారైతది. మే ఎండల నమూనాను మంచుల పెట్టి తెస్తే మంచు గొట్టానికి నేరుగ తగలద్దు, నడుమ బట్ట పెట్టు. రెండు గంటలల్ల సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పి రక్తంలోంచి ప్లాస్మా నీరు వేరుచేసే మిషిను) తిరగాలె. ఏటూరునాగారం నుంచి వరంగల్ వచ్చేసరికే ఆ టైమ్ దాటిపోతది, కాబట్టి అక్కడి దవాఖాన్లనే తిప్పే ఏర్పాటు ముందు రోజే చూసుకో. ప్లాస్మాను పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ గొట్టాలల్ల పొయ్యి, ఈ జబ్బుల కొలిచే అమిలాయిడ్ అనే ప్రొటీన్ గాజుకు అతుక్కుంటది. ఒకసారి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ల పెట్టినంక కరిగించి మళ్లీ గడ్డకట్టియ్యద్దు.

లేచేటప్పుడు "జబ్బేనా బిడ్డా" అని అడుగుతరు. స్కోరు చెప్పకు, డాక్టరు ఏ రోజు చెప్తడో ఆ తారీకు చెప్పు. బీ12, థైరాయిడ్ తక్కువైనా మతి తగ్గుతది, అవి మందులతో నయమయ్యేవి. కానీ నాలుగైదు రోజుల్లనే మనిషి ఒక్కసారిగ మారిపోయిందన్నా, నెల లోపల కిందపడి తలకు తాకిందన్నా, మిగిలిన ప్రశ్నలు వదిలెయ్యి. ఆ పూటనే దవాఖానకు తోలియ్యి.