స్టాంపు పాత పాస్‌పోర్టులో ఉంటే ఉద్యోగం ఇవ్వరా?

ప్రశ్న: నాన్నతో కలిసి 1986లో బ్రిటన్ వచ్చాను, అప్పటినుంచీ ఇక్కడే పని, పన్నులు అన్నీ. శాశ్వత నివాసం స్టాంపు గడువు ముగిసిన ఇండియన్ పాస్‌పోర్టులో ఉంది. కొత్త కంపెనీ అది చెల్లదంటోంది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ధైర్యంగా ఉండండి. పాస్‌పోర్టు గడువు తీరినంత మాత్రాన మీ హక్కు పోదు, వరుసగా రెండేళ్లకు మించి దేశం బయట ఉంటేనే సమస్య. కానీ కంపెనీ చెప్పేదీ నిజమే, స్టాంపు ప్రస్తుత పాస్‌పోర్టులో ఉండాలన్నది రూలు. పని హక్కు లేనివాళ్లని పెట్టుకుంటే కంపెనీకి ఒక్కో ఉద్యోగికి మొదటిసారి 45,000 పౌండ్ల వరకు, మళ్లీ చేస్తే 60,000 పౌండ్ల వరకు జరిమానా (2024 ఫిబ్రవరి నుంచి), అందుకే వాళ్లకీ భయం. ఆ భయం భారమంతా దశాబ్దాలుగా పనిచేస్తున్న మీలాంటి వాళ్ల మీద పడటం మాత్రం అన్యాయం.

మీరు 1988 డిసెంబర్ 31కి ముందే వచ్చారు కాబట్టి విండ్‌రష్ పథకంలో (ఎప్పటినుంచో బ్రిటన్‌లో ఉంటున్నా హక్కు నిరూపించే కాగితాలు లేనివాళ్లకి ప్రభుత్వం వాటిని ఇచ్చే పథకం) ఉచితంగా దరఖాస్తు చేయొచ్చు. అది కరీబియన్ వాళ్లకే అనుకుని చాలామంది వదిలేస్తున్నారు, ఏ దేశం వాళ్లకైనా వర్తిస్తుంది. నేషనల్ ఇన్సూరెన్స్ రికార్డు, స్కూలు కాగితాలు, డాక్టరు దగ్గరి పాత రికార్డులు, జీతం స్లిప్పులు ఏవి దొరికితే అవి జతచేయండి. పాత పాస్‌పోర్టు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పారేయకండి.

దరఖాస్తు ఆమోదమై ఈ-వీసా (మీ నివాస హక్కు ఆన్‌లైన్ రికార్డు) వచ్చాక ఆన్‌లైన్‌లో షేర్ కోడ్ (కంపెనీ ఆ రికార్డు చూసుకోవడానికి ఇచ్చే కోడ్) తీసి ఇస్తే సరిపోతుంది, ఆ కోడ్ 90 రోజులు చెల్లుతుంది. ఈలోగా ఉద్యోగం చేజారితే కంపెనీ రాసిన మెయిల్స్ దాచుకోండి, విండ్‌రష్ పరిహారం (కాగితాలు లేక నష్టపోయిన వాళ్లకి ప్రభుత్వం ఇచ్చేది) అడగడానికి పనికొస్తాయి.